తొక్కలు, పెంకులతో యురేనియం పోతుందా?

ప్రశ్న: పండ్ల తొక్కలు, రొయ్యల పెంకులు నీళ్లలోని రేడియోధార్మిక పదార్థాలను లాగేస్తాయని చదివాను. నిజమేనా? ఇంట్లో తొక్కలు నానబెట్టి వడకట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: లాగడం నిజమే, కానీ ఇంటి వైద్యంగా పనికిరాదు. తొక్కల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థానికి, ఈస్ట్, బూజుల కణాల పైపొరకి రుణావేశం ఉంటుంది, కాస్త ఆమ్లంగా ఉన్న నీటిలో యురేనియం ధనావేశంతో తిరుగుతుంది కాబట్టి వెళ్లి వాటికి అతుక్కుంటుంది. రొయ్యల పెంకులనైతే ముందు ఆమ్లంతో కడిగి, తర్వాత గాఢమైన క్షారంలో ఉడికించి కైటోసాన్‌గా మారుస్తారు, అందులోని అమైన్లు, అంటే నత్రజని ఉన్న భాగాలు, లోహాలను బాగా పట్టుకుంటాయి.

తిరకాసంతా పీహెచ్‌తోనే, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతతోనే (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). పరీక్షల్లో ఎక్కువగా మంచి ఫలితం వచ్చేది పీహెచ్ 4 నుంచి 6 మధ్య. మరీ ఆమ్లమైతే యురేనియం అతుక్కోవాల్సిన చోట్లన్నీ హైడ్రోజన్ అయాన్లే ఆక్రమించేస్తాయి. బావి, బోరు నీళ్లేమో చాలాచోట్ల 7 దాటి, బైకార్బొనేట్‌తో ఉంటాయి, అక్కడ యురేనియం కార్బొనేట్‌తో జతకట్టి తానే రుణావేశంలోకి మారిపోతుంది, ఇక తొక్క దగ్గరికి రమ్మన్నా రాదు. 'తొంభై శాతం తొలగింపు' లాంటి శీర్షిక కనిపిస్తే నేను ముందు చూసేది ఏ నీటితో చేశారన్నదే!

సీజియం అనే మరో రేడియోధార్మిక లోహం ఇంకా మొండిది. ఒకే ఆవేశం, పోలికేమో పొటాషియంది, మామూలు తొక్క దాన్ని సరిగా పట్టుకోలేదు, అందుకే పీచు మీద సీజియాన్ని పట్టుకునే ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం పూత పూసి వాడతారు. ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, సంగతి వదిలేయండి, అది నీటి అణువులోనే భాగం, దేన్ని పట్టుకోవాలి?

ఇంకో మాట, రేడియోధార్మికత ఎక్కడికీ పోదు, నీటిలోంచి తొక్కలోకి మారుతుంది అంతే. సీజియం-137 సగానికి తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు పడుతుంది కాబట్టి వాడిన తొక్కను పెరట్లో పారేస్తే కుదరదు. అణు వ్యర్థాల కేంద్రాల్లోనైతే ఫిల్టర్లున్న కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను సిమెంటులో బిగించేయొచ్చు, మోయాల్సిన బరువు బాగా తగ్గుతుంది. ఈ తొక్కలు, పెంకుల అసలు లాభం అక్కడే ఉందని నా అభిప్రాయం.

మీ నీళ్ల మీద అనుమానముంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం. దాటితే ఆర్‌ఓ పనిచేస్తుంది. మరిగించడం మాత్రం వద్దు, నీరు ఆవిరయ్యేకొద్దీ యురేనియం ఇంకా చిక్కబడుతుంది.