బడిదొంగ గురించి రాయబోయే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బడి ఎగ్గొట్టే పిల్లలను చట్టంతో దారికి తేవచ్చా అన్న ప్రశ్నను నవ కన్ఫ్యూషియన్ల ముందు, అంటే కన్ఫ్యూషియస్ బోధలను తర్వాతి శతాబ్దాలలో కొత్తగా వ్యాఖ్యానించిన చైనా తాత్వికుల ముందు, పెట్టాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. అయితే నీ వ్యాసంలో వాళ్లు చట్టాన్ని పూర్తిగా ఈసడించి, పిల్లల మనసును మాత్రమే నమ్ముకున్నవాళ్లుగా కనిపిస్తున్నారు. నువ్వు ఉదహరించిన మాటలు వాళ్లవే. కాని ప్రతిసారీ ఆ మాటలను నీకు అనువైన చోటనే ఆపేశావు.

వాళ్లలో ముఖ్యుడైన జు షీ సంగతే చూడు. 1179లో చైనాలోని నాన్‌కాంగ్‌కు పాలకుడిగా వెళ్లి, లూషాన్ కొండల దిగువన శిథిలమై ఉన్న తెల్లజింక గుహ విద్యాపీఠాన్ని ఆయన మళ్లీ నిలబెట్టాడు. అక్కడ శిక్షల పట్టిక పెట్టలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన ధర్మాలను రాయించి ద్వారబంధం మీద తగిలించాడు. మంచిని ఎరిగి తనను తాను సరిదిద్దుకునేవాడికి పైవాళ్లు కట్టడి చేయవలసిన పని ఏముందని అడిగాడు. నువ్వు అక్కడితో ఆగిపోయావు. ఆయన రచన అక్కడితో ముగియలేదు. ఈ ధర్మాలను ఎవరైనా విడిచిపెడితే ఇతర బడుల్లోని కట్టడి నిబంధనలనే తెచ్చి అమలు చేయవలసి వస్తుందని, వాటిని ఉపేక్షించడం కుదరదని చివర్లో ఆయనే హెచ్చరించాడు. దండనతో నడిపిస్తే జనం తప్పించుకు తిరుగుతారే గాని సిగ్గుపడరన్న కన్ఫ్యూషియస్ మాటకు వ్యాఖ్య రాస్తూ కూడా, శీలం మూలమనీ శాసనం పనిముట్టనీ, రెండింటిలో దేన్నీ వదులుకోరాదనీ అన్నాడు. ఈ చివరి మాటలు కలిస్తే నీ వాదానికి బలమే గాని నష్టం లేదు.

తర్వాతి కాలపు తాత్వికుడు, అధికారి అయిన వాంగ్ యాంగ్‌మింగ్ దగ్గర నువ్వు ఇంకాస్త ఎక్కువసేపు నిలబడి ఉండవలసింది, ఎందుకంటే నీ విషయానికి గుండెకాయ అక్కడే ఉంది. 1518 ప్రాంతంలో దక్షిణ జియాంగ్‌షీలో పిల్లల బడులు నడిపే గురువులకు ఆయన ఒక ఉపదేశం రాశాడు. పిల్లలకు ఆట ఇష్టం, కట్టడి అంటే భయం. వాళ్లు మొలకల వంటివాళ్లు, స్వేచ్ఛగా వదిలితే ఎదుగుతారు, వంచితే వాడిపోతారు అన్నాడు. గురువులు కొరడాలతో కొట్టి, తాళ్లతో కట్టి, ఖైదీలను చూసినట్టు చూస్తుంటే పిల్లలు బడిని చెరసాలగా ఎంచి లోపలికి రామంటారు, గురువును శత్రువుగా చూసి తప్పించుకుంటారు, దాక్కుని ఆడుకుంటారు, అబద్ధాలు అల్లుతారు అన్నది ఆయన పరిశీలన. వీధిబడుల కాలంలో మన ఊళ్లలో తప్పు చేసిన పిల్లవాడికి కోదండం వేసేవారని, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడవలసిందేనని మా తాతగారు చెబుతుండగా విన్నాను. అందుకే వాంగ్ రాసిన ఆ తాళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు చదవడం ఆగిపోయింది. బడి ఎగ్గొట్టడాన్ని ఆయన ముందుగా పిల్లవాడి నేరంగా చూడలేదు, బడి మీద పిల్లవాడు ఇచ్చిన సాక్ష్యంగా చూశాడు.

అలాగని ఆయన్ను మెతక మనిషిగా చిత్రించకు. ఆ ఏళ్లలోనే ఆయన సైన్యంతో బందిపోట్లను అణచాడు, పదేసి ఇళ్లకు ఒక పలకపై ఇంటిల్లిపాది పేర్లూ రాయించి ఒకరి మీద ఒకరికి పూచీ పెట్టాడు. పెద్దలకు అంత కఠినమైన కట్టడి చేసిన చేయే పిల్లల బడికి వేరే పద్ధతి రాసింది. పొద్దున్నే గురువు ఒక్కొక్క పిల్లవాణ్ణి ఇంట్లో ఎలా మెలిగావు, వీధిలో ఎలా నడిచావు అని అడగాలి, వాడు దాచకుండా చెప్పాలి. రెండు వందల చైనా అక్షరాలు నేర్వగలవాడికి వంద మాత్రమే నేర్పాలి, ఓపిక మిగిలి ఉండాలి. పాటలు పాడించాలి. నీ వ్యాసంలో ఈ వంద అక్షరాల సంగతి లేకపోవడం నాకు వెలితిగా తోచింది. పిల్లవాడు మర్నాడు తనంతట తాను ఎందుకు వస్తాడో అందులో ఉంది.

చట్టం గురించి రాసేటప్పుడు కాలాన్ని కలగలపకు. 1375లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వు ఊళ్లలో బడులు పెట్టమని ఆజ్ఞాపించాడు గాని, నేటి అర్థంలో నిర్బంధ విద్యా చట్టం చైనాకు 1986లో వచ్చింది. మధ్యలో ఉన్న ఆరు వందల ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేయకూడదు. హాజరును శాసనంతో ముడిపెట్టిన ఉదాహరణ కావాలంటే కొరియా వైపు చూడు. అక్కడి జోసన్ రాజ్యపు కన్ఫ్యూషియన్ విద్యాలయమైన సంగ్‌క్యున్‌గ్వాన్‌లో విద్యార్థి ఉదయం, సాయంత్రం భోజనశాలలో కూర్చుని పట్టీలో గుర్తు పెట్టాలి, రెండు పూటలూ పెడితే ఒక్క హాజరు. శాసన సంహిత ప్రకారం అలాంటివి 300 కూడితేనే విద్యాలయం వారికి ప్రత్యేకించిన పరీక్షకు అర్హత. అంత లెక్క కట్టిన చోటనే, 1448లో రాజు సేజోంగ్ రాజభవన ప్రాంగణంలో బౌద్ధ మందిరం కట్టిస్తున్నాడని నిరసిస్తూ విద్యార్థులు విద్యాలయం ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లను బడిదొంగలందామా? ఈ ప్రశ్నకు నీ వ్యాసంలో చోటు ఉండాలి.

అన్నట్టు, ఆ బడిదొంగ అన్న మాటను నువ్వు పదకొండుసార్లు వాడావు. విచారణ జరగకముందే పిల్లవాడి మీద దొంగ అని ముద్ర వేసే మాట అది. ‘గైరుహాజరు’ అంటే సర్కారు కచేరీ భాష అవుతుంది, అందులో పిల్లవాడు కనిపించడు. ‘బడికి రాని పిల్లవాడు’ అని రాసి చూడు, వెంటనే ఎందుకు రాలేదన్న ప్రశ్న తనంతట తానే వస్తుంది.

మొదటి రెండు పేజీలు అలాగే ఉంచి, జు షీ దగ్గర నుంచి మళ్లీ రాసి పంపు. సంక్రాంతి లోపల చదివి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో.