అమ్మకు క్లిప్, తమ్ముడికి కాయిల్

ప్రశ్న: 1989లో మా అమ్మకు మెదడులో అన్యూరిజం పగిలితే, పుర్రె తెరిచి క్లిప్ వేశారు. అమ్మ ఇప్పటికీ బాగున్నారు. ఇటీవల స్కాన్‌లో తమ్ముడికీ అన్యూరిజం కనిపించింది, పగలలేదు. తొడ మొదట్లోని రక్తనాళం గుండా కాయిల్ వేస్తామంటున్నారు. అయితే అమ్మకు జరిగింది నాసిరకం వైద్యమా?

జవాబు: కానే కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఆపరేషన్లు చేసిన వాడిగా చెబుతున్నాను.

అన్యూరిజం అంటే ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం. ఆ బుడగ మెడను, అంటే అది ధమనికి అతుక్కుని ఉన్న సన్నని చోటును, మూయాలి, ధమనిలో రక్తం మాత్రం ఆగకూడదు. కష్టమంతా అక్కడే. ఒకప్పుడు గొంతు దగ్గరి పెద్ద ధమనినే కట్టేసేవారు. కొందరికి మెదడుకు రక్తం చాలక పక్షవాతం వచ్చేది. 1931లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ బుడగ చుట్టూ కండ ముక్క చుట్టి రక్తస్రావం ఆపారు. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ వెండి క్లిప్‌తో దాని మెడనే నొక్కేశారు.

అయినా అసలు మలుపు మైక్రోస్కోపుతో వచ్చిందంటాను. 1960లలో జ్యూరిక్‌లో యాసర్గిల్ చూపిన దారి అది. శిక్షణ రోజుల్లో మొదటిసారి అందులోంచి చూసినప్పుడు, కొట్టుకుంటున్న బుడగ వెనక దారపు పోగుల్లాంటి నాళాలు అంటుకుని కనిపించాయి. క్లిప్‌లో వాటిలో ఒక్కటి ఇరుక్కున్నా కాలో చెయ్యో పడిపోవచ్చు. వాటిని విడదీసేంతసేపూ మా గురువుగారు ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నారు. మీ అమ్మగారు ఇన్నేళ్లు బాగున్నారంటే, ఎవరో అంత ఓపికగా పనిచేశారన్నమాట.

1990లో వైద్యుడు గుగ్లియెల్మి విధానంలో, కాయిల్ అనే మెత్తని ప్లాటినం తీగను ధమని లోపలి నుంచి పంపి బుడగను నింపడం మొదలైంది. ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 2,143 మంది రోగులున్నారు. ఏడాది తర్వాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు క్లిప్ వేసినవారిలో నూటికి సుమారు 31, కాయిల్ వేసినవారిలో 24. కానీ వారందరివీ పగిలిన అన్యూరిజమ్‌లు. పైగా రెండు పద్ధతులకూ అనువైనవి. ఆ లెక్కను తమ్ముడికి యథాతథంగా వర్తింపజేయకండి. కాయిల్ వేసిన చోట మళ్లీ రక్తం చేరి, రెండోసారి చికిత్స అవసరం కావడం కూడా ఎక్కువే. కాబట్టి బుడగ పరిమాణం, మెడ వెడల్పు, ఉన్న చోటు అడగండి. చికిత్స చేయకుండా గమనిస్తూ ఉండవచ్చా అని కూడా అడగండి. తమ్ముడు సిగరెట్ తాగుతుంటే ఈ రోజే మానాలి, రక్తపోటు అదుపులో ఉండాలి.

ఇంట్లో ఇద్దరికి వచ్చింది కనుక, మీరూ ఒకసారి స్కాన్ విషయం వైద్యులతో మాట్లాడండి. అమ్మగారి ఆపరేషన్ కాగితాలు వెతికిపెట్టండి. పాత క్లిప్పుల్లో కొన్ని అయస్కాంతానికి కదిలే లోహంతో చేసినవి. ఆ క్లిప్ ఏ రకమో తేలనిదే ఆమెను ఎమ్మారై గదిలోకి పంపకండి.