గురజాడ ఇళ్ళు చూడబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మీ మామయ్య ఆశీస్సులు.

సెలవుల్లో పిల్లలతో గురజాడ అప్పారావు గారి ఇల్లు చూడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అయితే విజయనగరం వెళ్ళి, ఆయన ఇంటి ముందు ఫొటో దిగి, సాయంత్రానికి విశాఖ వచ్చేస్తే సరిపోదమ్మా. అది ఆయన స్థిరపడ్డాక ఉన్న ఇల్లు. అంతకుముందు ఆయన మరెన్నో గడపలు తొక్కారు. వాటిని దాటేసి వెళ్ళకు.

ముందు రాయవరం వెళ్ళు. 1862 సెప్టెంబరు 21న ఆయన పుట్టింది అక్కడే, మేనమామ గారింట్లో. గోదావరి వైపు కూడా ఒక రాయవరం ఉంది కనుక ఎవరినైనా అడిగేటప్పుడు యలమంచిలి దగ్గరి ఎస్. రాయవరం అని స్పష్టంగా చెప్పు. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉంది. జయంతి రోజున మాత్రం వెళ్ళకు. ఆ హడావిడిలో ఊరివాళ్ళతో తీరిగ్గా మాట్లాడలేవు.

చీపురుపల్లికి ఒక పూట చాలు. తండ్రి వెంకట రామదాసు గారు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. అప్పారావు గారి చిన్నతనం, తొలి చదువు చీపురుపల్లిలోనే గడిచాయి. యలమంచిలి, విశాఖ, విజయనగరం, చీపురుపల్లి నాలుగూ ఒకే రైలు దారిలో ఉన్నాయి కాబట్టి నీకు ప్రయాణం తేలిక. ఆయన చిన్నప్పుడు ఈ దారే లేదని, 1890లలో గానీ ఇటు రైళ్ళు రాలేదని పిల్లలకు చెప్పు.

ఇక విజయనగరం. తండ్రి పోయాక ఆయన అక్కడ వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకొక ఇంట భోజనమంటే ఎలా ఉంటుందో నీ పిల్లలకు తెలియదు, కూర్చోబెట్టి వివరంగా చెప్పు. తరవాత మహారాజా కళాశాలకు చెందిన చంద్రశేఖర శాస్త్రి గారు చేరదీసి ఉండడానికి చోటిచ్చారు. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పూర్తిచేశారు. పరాయి ఇళ్ళలో విస్తరి ముందు కూర్చున్న కుర్రవాడు ఆ ఇళ్ళలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో విని ఉంటాడు. ఆయన ‘కన్యాశుల్కం’ నాటకంలో అగ్నిహోత్రావధానులు, వెంకమ్మ, గిరీశం ఎవరి భాషలో వారు మాట్లాడడానికి మూలం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

అందుకే కోట దగ్గర బొంకులదిబ్బ చూపించాకే ఆయన ఇంటికి తీసుకువెళ్ళు. ‘కన్యాశుల్కం’ తెర లేచేది ఆ దిబ్బ మీదే. 1892లో ఆ నాటకం మొదట ఆడింది కూడా ఆ ఊళ్ళోనే. ఇంట్లో వస్తువులు చూస్తూ గబగబా తిరగకండి. ఒక పక్కన కూర్చుని 1897 నాటి మొదటి కూర్పుకు ఆయన రాసిన ముందుమాట గురించి చెప్పు. ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ, జాబితా తీయిస్తే, మూడేళ్ళలో 1,034 తేలాయి. అందులో ముగ్గురు పిల్లల వయసు ఒక్క ఏడాది! అవన్నీ మన జిల్లా ఇళ్ళే కదా. ఆ లెక్క వింటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. పిల్లలు చిన్నవాళ్ళని ఈ సంగతి దాచకు. అమ్ముడుపోయినవాళ్ళు వీళ్ళకంటే చిన్నవాళ్ళు.

1915 నవంబరు 30న ఆయన విజయనగరంలోనే కన్నుమూశారు. అయితే నాటకం చివరి అంకం నడిచేది మన విశాఖలో, సౌజన్యారావు పంతులు గారి దగ్గర. కాబట్టి తిరిగి వచ్చిన మర్నాడు మీ ఇంట్లోనే ఆ అంకం పైకి చదువుదాం. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 1909 నాటి రెండో కూర్పు, అదే తీసుకో. మధురవాణి మాటలు నువ్వు చదువు, పంతులు గారివి మీ ఆయనకివ్వు. గిరీశం నాకు కావాలి. ఏ రోజు రావాలో ముందుగా చెప్పు.

మీ మామయ్య