విలన్ మీద మనసు పడితే తప్పా?

ప్రశ్న: సూపర్‌హీరో కథ ఏది చదివినా నా మనసు విలన్ వైపే మొగ్గుతోంది. చివరికి హీరో గెలిచినప్పుడు సంతోషానికి బదులు కొంత నిరాశ కలుగుతోంది. ఇది నాలోని లోపమా?

జవాబు: లోపం కాదు, కథ కట్టిన తీరే మిమ్మల్ని అటు లాగుతోంది. ఈ కథల్లో ఏదో ఒకటి కావాలని కోరుకునేవాడు, దాని కోసం పథకం వేసేవాడు, తెల్లవారేసరికి లోకం మరోలా ఉండాలని పట్టుబట్టేవాడు విలన్ ఒక్కడే. హీరోది చాలావరకు కాపలా పని. కోరిక ఉన్నవాడి వెంట పాఠకుడి ఊహ పరుగెత్తడంలో వింత లేదు. పైగా అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు 1954లో తమకు తామే విధించుకున్న నియమావళి, ప్రతి సందర్భంలోనూ మంచే చెడును జయించి తీరాలని శాసించింది. ఫలితం ముందే తెలిసిపోయిన కథలో ఉత్కంఠ అంతా ఓడిపోబోయేవాడి చేతిలోనే మిగులుతుంది.

ఈ సంగతి మన ఆలంకారికులకు కొత్త కాదు. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను కూడా వర్ణించి, అంతటివాణ్ని జయించినట్టు చూపి నాయకుడి ఉత్కర్షను చెప్పడం తమకు ప్రీతికరమని దండి కావ్యాదర్శంలో అన్నాడు. అంటే విలన్‌ను ఘనంగా చిత్రించడం హీరో కోసం చేసే పనే. ఆ పని మరీ చక్కగా కుదిరినప్పుడు పాఠకుడు హీరో దాకా వెళ్లకుండా దారిలోనే ఆగిపోతాడు.

అయితే ఒక పాత్ర నచ్చడం వేరు, ఆ పాత్ర చేసిన పనిని సమర్థించడం వేరు. 1963లో ఎక్స్‌మెన్ తొలి సంచికలో ప్రవేశించిన మాగ్నెటో అప్పటికి ప్రపంచాన్ని ఏలాలనుకునే సాధారణ విలన్. 1981 నాటి ఒక సంచికలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అతనికి నాజీల ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో గడిచిన బాల్యాన్ని ఇచ్చాడు. ఆ సంచికలో తన దెబ్బకు కుప్పకూలిన ఒక చిన్న వయసు అమ్మాయిని చేతుల్లోకి తీసుకుని, తాను ఎవరిలా మారిపోయాడో మాగ్నెటో తానే గుర్తించి కుంగిపోతాడు. ఆ దృశ్యం అతణ్ని క్షమించమని మనల్ని అడగదు, కనుకనే అది నిలిచింది. దీన్ని చూసి ప్రతి విలన్‌కూ ఒక బాల్యగాయాన్ని అంటగట్టే అలవాటు తర్వాత బలపడింది. నిజం చెప్పాలంటే నాకు అది విసుగు పుట్టిస్తుంది. కారణం చెప్పినంత మాత్రాన పాత్రకు లోతు రాదు.

ప్రశ్న: జోకర్ ఎన్ని హత్యలు చేసినా బ్యాట్‌మన్ అతణ్ని చంపడు. ఆ నీతి నాకు మూర్ఖత్వంగా కనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: మీ కోపం సరైనదే, కాని అది వెళ్లవలసిన చిరునామా వేరు. 1939లో పుట్టిన బ్యాట్‌మన్ తొలి కథల్లో అతని చేతిలో నేరస్థులు చనిపోయిన సందర్భాలున్నాయి. 1940లో జోకర్ ప్రవేశించిన సంచికలోనే అతణ్ని చంపేయాలని మొదట అనుకున్నారు. ఇంత మంచి విలన్‌ను పోగొట్టుకోవడం ఇష్టంలేని సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్, అతను బతుకుతాడని తెలిపే ఒక బొమ్మను చివర చేర్పించాడు. హీరో కరుణ కన్నా ముందు జోకర్‌ను కాపాడింది ఆ ఒక్క బొమ్మ. ఒకే సంపుటంతో ముగిసే కథలో హీరో చంపకపోవడం నైతిక నిర్ణయం. దశాబ్దాల తరబడి సాగే ధారావాహికలో అదే నిర్ణయం, మళ్లీ మళ్లీ వచ్చే శవాల పక్కన, మీరన్నట్టే మూర్ఖత్వంగా కనిపించక తప్పదు. ఆ శవాలు పెరగడానికి ముఖ్య కారణం, జోకర్ మళ్లీ రావాలని మనం కోరుకోవడమే.

ప్రశ్న: ఒకప్పుడు పాత్ర చనిపోతే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. నేను రాయినైపోయానా?

జవాబు: మీరు రాయి కాలేదు, మీ నమ్మకాన్ని చాలాసార్లు వాడుకున్నారు, అంతే. 1973లో స్పైడర్‌మన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ మరణించినప్పుడు పాఠకులు నిజంగా రగిలిపోయారు. పడిపోతున్న ఆమెను హీరో విసిరిన దారమే ఆపింది, ఆ కుదుపుకే ఆమె మెడ విరిగిందన్న వివరణ ఆ తర్వాత పాఠకుల ఉత్తరాల పుటలోనే వచ్చింది. ఆ రోజుల్లో చనిపోవడమంటే చనిపోవడమే. 1992లో సూపర్‌మన్ మరణించిన సంచిక లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే అతను తిరిగి వచ్చాడు. తిరిగి వస్తాడని తెలిసినవాడి కోసం ఎవరు ఏడుస్తారు?

ఇంతకన్నా నన్ను కలవరపెట్టే ఉదంతం 1988 నాటిది. బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్‌గా ఉన్న జేసన్ టాడ్ చాలామంది పాఠకులకు నచ్చలేదు. అతణ్ని పేలుడులో చిక్కించి, బతకాలో చావాలో ఫోను ద్వారా చెప్పమని ప్రచురణకర్తలు పాఠకులనే అడిగారు. ఒక్కో ఫోనుకు 50 సెంట్లు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. కేవలం 72 ఓట్ల తేడాతో, జోకర్ చేతిలో ఇనుపకడ్డీ దెబ్బలు తిన్న ఆ కుర్రవాడి చావు ఖాయమైంది. పుస్తకం మూసేసి ఒక పాత్రను ద్వేషించడానికీ, ఫోను తీసి ఆ చావుకు ఓటు వేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. 2005లో జేసన్‌ను కూడా బతికించారు. ఓటు వేసినవారి తీర్పు కూడా నిలవలేదన్నమాట.

ప్రశ్న: ఒక సంచికలో చెప్పినదానికి మరో సంచికలో విరుద్ధంగా రాస్తున్నారు. ఇలాంటి తప్పులు ఎత్తిచూపడం చాదస్తమా?

జవాబు: చాదస్తమే, కాని గౌరవనీయమైన చాదస్తం. 1960లలో అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీ దీనికొక బహుమతి పెట్టాడు, పేరు నో-ప్రైజ్. తప్పు పట్టినందుకే కాదు, అది అసలు తప్పే కాదని తర్కంతో నిరూపించిన పాఠకుడికి కూడా ఆ బహుమతి దక్కేది. విజేత ఇంటికి బహుమతి ఇందులో ఉందని ముద్రించిన కవరు వచ్చేది. విప్పి చూస్తే లోపల ఏమీ ఉండేది కాదు. మీరు కనిపెట్టిన తప్పులను, వాటికి మీరు చెప్పగల సమర్థనతో సహా మాకు రాయండి. మా దగ్గర కూడా కవర్లున్నాయి.