ప్యూరిఫయర్ తర్వాత, ముందు పాప దగ్గు సంగతి చూద్దాం

ప్రశ్న: మావారు ఎనిమిది నెలల కిందట సిగరెట్లు మానేసి ఈ-సిగరెట్ మొదలుపెట్టారు. అది పొగ కాదు, ఉత్త నీటి ఆవిరేనంటూ ఇంట్లోనే, ఒక్కోసారి పడగ్గదిలో కూడా పీలుస్తారు. మా పాపకు నాలుగేళ్లు. రెండు నెలలుగా రాత్రిళ్లు దగ్గుతోంది. ఇదివరకు మా పెద్దబాబుకు రాసిన దగ్గు సిరప్ ఇంట్లో ఉంటే అదే వేస్తున్నాను. వేసిన రాత్రి పడుకుంటుంది. గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే సరిపోతుందా? ఎలాంటిది కొనాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ప్యూరిఫయర్ గురించి అడిగారు గానీ నా దృష్టి ‘రెండు నెలలుగా’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. చిన్నపిల్లల్లో దగ్గు నాలుగు వారాలు దాటితే దాన్ని మామూలు జలుబు దగ్గు అని వదిలేయం. అందులోనూ రాత్రిళ్లు వచ్చే దగ్గంటే ముందు ఉబ్బసం ఉందేమోనని చూస్తాం. పాపను పరీక్షించకుండా ఇది ఉబ్బసమేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు కూడా. అలర్జీ కావచ్చు, ముక్కు వెనక నుంచి కఫం గొంతులోకి జారుతుండొచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆడుకుంటూ మింగబోయిన చిన్న వస్తువేదైనా శ్వాసనాళంలో ఇరుక్కున్నా ఇలాగే దగ్గుతారు. ఏదో తేల్చాలంటే స్టెతస్కోప్ పెట్టి వినాల్సిందే. పరిగెత్తినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు దగ్గు వస్తోందా, పిల్లికూతలు వినిపిస్తున్నాయా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా, ఇవి గమనించి డాక్టర్‌కు చెప్పండి.

ఇక ఆ సిరప్. ‘వేసిన రాత్రి పడుకుంటుంది’ అన్నారు చూడండి, నాకు అసలు టెన్షన్ అక్కడే. చాలా దగ్గు సిరప్‌లలో మత్తునిచ్చే అలర్జీ మందు ఉంటుంది, దాంతో పాప పడుకుంటుంది, దగ్గు వినపడదు, మీకూ కాస్త ఊరటగా ఉంటుంది. కానీ శ్వాసనాళాలు బిగుసుకుని ఉంటే ఆ సిరప్‌తో అవి తెరుచుకోవు, లోపల జబ్బు అలాగే ఉంటుంది, మీరు డాక్టర్ దగ్గరకు వెళ్లడం ఇంకో వారం వాయిదా పడుతుంది. పైగా అది పెద్దబాబు వయసును, బరువును బట్టి రాసిన మోతాదు. కొన్ని సిరప్‌లలో కోడీన్ అనే మత్తుమందు ఉంటుంది. అది కొందరు పిల్లల శరీరంలో మరీ త్వరగా మార్ఫిన్‌గా మారి ఊపిరినే మందగింపజేస్తుంది, అందుకే 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో స్పష్టంగా చెప్పింది. మీ సీసాలో ఏముందో నాకు తెలియదు, ఈ రాత్రి నుంచి మాత్రం వేయకండి. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి వాడటం నేను రోజూ చూస్తాను. చేసేది ప్రేమతోనే, కాదనను, కానీ పాప ప్రాణంతో పని అమ్మా.

ఇప్పుడు ఆవిరి సంగతి. అది నీటి ఆవిరి కాదు. ఈ-సిగరెట్‌లో పోసే రిఫిల్ సీసాలోని ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపిన రసాయనాలు వేడి కాయిల్‌కు తగిలి సన్నటి తుంపరగా మారతాయి. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు పుడతాయి, కాయిల్ నుంచి నికెల్, సీసం లాంటి లోహాలు కూడా కొద్దికొద్దిగా వస్తాయి. ఆయన పీల్చుకున్నవన్నీ ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోవు, కొంత గదిలోకి వదులుతారు. ఇంట్లో వేప్ చేస్తే, అంటే ఈ-సిగరెట్ పీలిస్తే, గాలిలో సూక్ష్మ కణాలు, నికోటిన్ పెరుగుతాయన్నది రుజువైన విషయమని అమెరికా శాస్త్ర సలహా సంస్థ నేషనల్ అకాడెమీస్ 2018 నివేదికలోనే ఉంది. సిగరెట్‌తో పోలిస్తే పక్కవాళ్లకు చేరేది తక్కువే, ఎందుకంటే సిగరెట్ కొస కాలుతూ ఊరికే పొగ వదులుతుంటుంది, ఇందులో అది ఉండదు. తక్కువ అన్నంత మాత్రాన పసిపిల్లలకు ఫర్వాలేదని కాదు. నాలుగేళ్ల పాప మనకంటే వేగంగా ఊపిరి తీస్తుంది, బరువును బట్టి చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. పక్కవాళ్ల వేప్ ఆవిరి పీల్చిన యువతలో దగ్గు, కఫం, ఆయాసం ఎక్కువగా కనిపించాయని 2022లో థొరాక్స్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పాప దగ్గుకు కారణం ఇదేనని దాన్ని చూసి చెప్పలేం, కానీ అసలే సున్నితంగా ఉన్న శ్వాసనాళాలను ఈ తుంపర ఇంకా రేపుతుందన్న అనుమానం నాకు గట్టిగానే ఉంది.

పడగ్గది కిటికీ అద్దం మీద వేలితో రాసి చూడండి, జిడ్డుగా పల్చటి పొర తగలొచ్చు. అదే పాప దిండు మీద, దుప్పటి మీద, బొమ్మల మీద కూడా పేరుకుంటుంది. ప్యూరిఫయర్ గాలిలోని కణాలను కొంత పట్టుకుంటుందేమో గానీ దిండు మీద దిగిన నికోటిన్‌ను తీయలేదు. కిటికీ తెరిచినా అంతే. కాబట్టి ప్యూరిఫయర్ మీద డబ్బు పెట్టకండి.

మీవారిని మాత్రం తిట్టకండి. సిగరెట్ మానడం చిన్న విషయం కాదు, కోపంలో మళ్లీ సిగరెట్ పట్టుకుంటే మొదటికొస్తుంది. ఇంట్లో, కారులో అసలు వద్దు, బయటికెళ్లి కానిచ్చి, చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోమనండి. ఇదీ మానేయడానికి నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి ఉన్నాయి, వాటినీ సొంతంగా కాకుండా డాక్టర్‌ను అడిగి వాడాలి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, ఆ రిఫిల్ సీసా ఎక్కడ పెడుతున్నారు? రంగు, తీపి వాసన చూసి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నికోటిన్ గాఢత ఎక్కువైతే కొద్ది మిల్లీలీటర్లు చాలు, ప్రాణం మీదికొస్తుంది. తాళం వేసి పెట్టండి. ఎప్పుడైనా మింగిందని అనుమానమొస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఈలోగా పాప నిద్రలో ఉన్నప్పుడు గౌను పైకి జరిపి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో మాట్లాడలేకపోతున్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వెళ్లేటప్పుడు సిరప్ సీసా, రిఫిల్ సీసా రెండూ వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అక్కడ తప్పకుండా అడుగుతారు. మావారు మానేశారండీ అని చెప్పి ఊరుకోకండి, వేప్ చేస్తారని, పడగ్గదిలో కూడా చేస్తారని చెప్పండి.