లఫ్రోయిగ్ విస్కీకి ఆ మందుల వాసన సముద్రపు నీళ్ల వల్లేనా?

కాదు, స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో 1815 నుంచి సముద్రం ఒడ్డునే ఉన్న లఫ్రోయిగ్ డిస్టిలరీ సింగిల్ మాల్ట్‌కి (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసే విస్కీ) ఆ పొగ, అయోడిన్ లాంటి వాసన ప్రధానంగా పీట్ పొగ వల్ల వస్తుంది. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు, మొక్కలు వేల ఏళ్లపాటు సగం కుళ్లి పేరుకున్న నల్లమట్టి. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మొలకెత్తిన తడి బార్లీ కింద రాజేస్తే పొగలోని ఫినాల్స్ అనే ఘాటు వాసన రసాయనాలు గింజలకి గట్టిగా పట్టేస్తాయి, తర్వాత రాగి బట్టీల్లో కాచినా పూర్తిగా పోవు. అసలు ఆ పొగ లేకపోతే అది లఫ్రోయిగే కాదు. అదే దీవిలో, అలలకి అంతే దగ్గర్లో ఉన్న బునహావెన్ డిస్టిలరీ మామూలు విస్కీకి పీట్ పొగ దాదాపు పట్టించరు, అందుకే ఆ ఘాటు ఉండదు. ఉప్పునీళ్లతో చేస్తారని చాలామంది అనుకుంటారు గానీ, వాడేది మంచినీళ్లే.