బ్యాంక్: ఏటి ఒడ్డా, డబ్బు దాచే చోటా?

ఏటి ఒడ్డుకీ, డబ్బు దాచే చోటుకీ ఇంగ్లిషులో ఒకటే మాట ఎందుకని ప్రశ్న. నిఘంటువుల్లో ఇవి రెండు వేర్వేరు మాటలే, కానీ మూలం ఒక్కటే. పాత జర్మానిక్ భాషల్లో (ఇంగ్లిషు, జర్మన్ ఈ కుటుంబానివే) ఎత్తుగా ఉన్న దిబ్బనీ, కూర్చునే బల్లనీ ఇలాంటి మాటతోనే పిలిచేవారు. ఒడ్డు అనే అర్థం స్కాండినేవియా నుంచి సూటిగా వచ్చింది. డబ్బుది చుట్టుదారి: ఆ మాట ఇటలీ చేరి ‘బాంకా’ అయింది, అంటే బల్ల. దాని మీద నాణేలు పరిచి మార్చేవారు. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిషుకు అందింది. దివాలాకు వాడే ‘బ్యాంక్‌రప్ట్’ మొదట ‘విరిగిన బల్ల’.

చాలామంది పొరబడేది ‘లెఫ్ట్ బ్యాంక్’ దగ్గర. నీళ్లు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపున్న ఒడ్డే అది. ఎదురు తిరిగారో, తారుమారవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పేరు కూడా ఈ లెక్కనే.